చేటమ్మ పుట్టిన తేదీ

గుండ్లవీడు మ్యూజియంలో వస్తువులు రెండువందల పద్నాలుగు. వాటిలో నూట డెబ్బైకి 'బహుశా' అన్న మాట తగిలించి ఉండేది. విరిగిన వీరుడి శిల: బహుశా పదకొండో శతాబ్దం. పెద్ద మట్టికుండ: బహుశా ధాన్యం దాచుకునేది. తుప్పు పట్టిన ఇనుప ముక్క: బహుశా కొడవలి, బహుశా కాదు. ఈ చీటీలన్నీ రాసినవాడు క్యూరేటర్ కొమ్మూరి భావనారాయణ. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో తెలియని సంగతిని తెలుసని ఒక్క చీటీ మీద కూడా రాయలేదు. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగితే 'బహుశా' అని, రెండు రోజులు పచ్చడి మెతుకులు తిన్న మనిషి.

హాలు చివర, కిటికీ పక్కన, మూడడుగుల రాతిబొమ్మ ఒకటుంది. ఎప్పుడో కాలవ తవ్వుతుంటే దొరికింది. నీళ్ళకి ముఖం అరిగిపోయి, ముక్కూ కళ్ళూ ఉండవలసిన చోట ఆనవాళ్ళు మిగిలాయి. కిరీటం లేదు, నగలు లేవు, వాహనం లేదు. రెండు చేతులతో ఏదో పట్టుకుని కాస్త ముందుకు వంగి ఉంటుంది. అది వీణ అని ఒక పండితుడూ, పుస్తకం అని మరొక పండితుడూ వ్యాసాలు రాసుకుని, ఆ తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. మ్యూజియం ఊడ్చి తుడిచే మస్తాన్‌బీ మాత్రం ఉద్యోగంలో చేరిన రోజునే తేల్చేసింది.

"చేట సారూ అది. బొటనవేలు చూడండి, లోపలికి మడిచింది. చెరిగేటప్పుడు అట్టనే పడతాం."

భావనారాయణ వారం రోజులు ఆలోచించి చీటీ మార్చి రాశాడు: 'స్త్రీ. ఎవరో తెలియదు. బహుశా పన్నెండో శతాబ్దం. చేతిలోది బహుశా చేట.' అప్పటి నుంచి ఆవిడ చేటమ్మ అయింది. రాజుల్నీ దేవతల్నీ చెక్కడానికే రాయి చాలని కాలంలో, బియ్యం చెరిగే మనిషి ముందు ఎవరో ఓపిగ్గా కూచుని ఆవిడ బొటనవేలు చూసి చెక్కారన్న ఆలోచన వచ్చినప్పుడల్లా భావనారాయణ లేచి వెళ్ళి ఆ బొటనవేలు మరోసారి చూసి వచ్చేవాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం.

ఇలా ఉండగా కాలం బాగా లేకుండా పోయింది. పురావస్తు శాఖను పర్యాటక శాఖలో కలిపేస్తారని సోమవారం వినపడేది. బుధవారానికి క్రీడల శాఖ అనేవారు. ఒక శనివారం నాడు మత్స్యశాఖ అని కూడా వినపడింది. అటువంటి రోజుల్లో సంచాలకులుగా విశ్వంభర ప్రసాద్ గారు వచ్చారు. అంతకు ముందు పశుగణన జరిపించి పేరు తెచ్చుకున్నవారు. జిల్లాలో ఉన్న దూడలన్నింటినీ ఒక్కటి కూడా వదలకుండా లెక్కపెట్టించారనీ, పుట్టబోయేవాటికి కూడా ముందే నంబర్లు ఇప్పించారనీ చెప్పుకునేవారు. వచ్చిన వారానికే వారి సర్క్యులర్ అన్ని మ్యూజియంలకూ చేరింది.

'ప్రస్తుత అనిశ్చిత కాలమును దృష్టియందుంచుకొని, ప్రదర్శనశాలల వృత్తి నిపుణులందరును తమ వృత్తిని గూర్చి లోతుగా ఆత్మావలోకనము గావించి, సదరు ఆత్మావలోకనమును శుక్రవారము సాయంత్రము ఐదు గంటలలోగా మూడు ప్రతులలో సమర్పించవలెను. లోతు చాలని సిబ్బందిపై చర్యలు తీసుకొనబడును.'

తెలివైనవాళ్ళు ఇలాంటివాటికి భయపడరు. 'మా మ్యూజియం ప్రజల గుండె చప్పుడు' అని మొదలయ్యే ఆత్మావలోకనం ఒకటి వాట్సాప్‌లో తిరిగింది. పన్నెండు మ్యూజియంల వాళ్ళు అదే అవలోకించుకుని పంపేశారు. నలుగురు ఊరి పేరు మార్చడం మరిచిపోయారు. లోతు మాత్రం అందరిదీ సమానంగా ఉందని పైవాళ్ళు మెచ్చుకున్నారు.

భావనారాయణకి ఈ లౌక్యం లేదు. చేటమ్మ ఎదురుగా కుర్చీ వేసుకుని మూడు రోజులు నిజంగానే ఆలోచించాడు. ఆలోచించి రాశాడు. మా పని జరిగినదాన్ని చెప్పడం కాదు, ఎంతవరకు తెలుసో చెప్పడం. మా దగ్గరున్న మాటల్లో అన్నిటికన్నా నిజాయితీ గలది 'బహుశా'. అనిశ్చితి ఈ మధ్య వచ్చిందని అందరూ బెంగపడుతున్నారు కానీ, మేము మొదటి నుంచీ అందులోనే కాపురం ఉంటున్నాం, అలవాటైపోయింది. ఇట్లా రెండు పేజీలు. చదువుకుంటే ఆయనకే బాగుందనిపించింది. తన కొంప తానే ముంచుకుంటున్నానని తోచలేదు పాపం.

సంచాలకులు ఆ రెండు పేజీలూ వీడియో సమావేశంలో స్వయంగా చదివి వినిపించారు. భావనారాయణ తెర ముందు సిగ్గుపడుతూ కూచున్నాడు. చదవడం పూర్తిచేసి ఆయన కళ్ళజోడు తీశారు.

"శాఖలో అనిశ్చితి నెలకొన్నదని అందరూ అంటున్నారే గాని, అది ఎక్కడ నెలకొన్నదో ఇంతవరకు ఎవరూ నివేదించలేదు. ఈ అధికారి చిరునామాతో సహా నివేదించారు. గుండ్లవీడులో నూట డెబ్బై అనిశ్చితులున్నవి. తక్షణమే నిర్మూలించవలసి ఉన్నది."

అట్లా నిశ్చయ పథకం పుట్టింది. ప్రయోగాత్మకంగా గుండ్లవీడులో మొదలుపెడతారు. ప్రతి వస్తువుకూ పుట్టిన తేదీ ఉండాలి. శతాబ్దం చాలదు, సంవత్సరం కూడా చాలదు. తేదీ, నెల, సంవత్సరం మూడూ కావాలి. పెండింగ్ సున్నాకి వస్తే మ్యూజియం నిలుస్తుంది, లేకపోతే మూసేస్తారు. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమనే బాపతు ఉత్తర్వు ఇది. అయితే చేసేదేముంది, కట్టవలసిన పలుపు భావనారాయణ చేతిలో పెట్టారు.

తేదీలు ఎక్కించడానికి పోర్టల్ ఒకటి ఇచ్చారు. కొత్తది తయారుచేసే వ్యవధి లేక, సిబ్బంది సర్వీసు వివరాల పోర్టల్‌లోనే 'ఉద్యోగి' అన్నచోట 'వస్తువు' అని మార్చి పంపారు. మిగతాదంతా పాతదే. నందికి తండ్రి పేరు అడిగింది. తల లేని బుద్ధుడికి పుట్టుమచ్చలు రెండు చూపమంది. ఇనుప ముక్కకి మాతృభాష కావాలంది. వీటికి ఎలాగో సమాధానాలు కుదిరాయి కానీ తేదీ దగ్గర బండి ఆగిపోయింది. జనన ధ్రువపత్రం లేనిచో, పుట్టిన వేళ దగ్గర ఉన్న ఇద్దరు పెద్దల వాంగ్మూలం జతపరచవలెను అని ఉంది. భావనారాయణ సందేహం తెలుపుతూ లేఖ రాస్తే రెండో రోజునే స్పష్టత వచ్చింది. 'సదరు పెద్దలు ప్రస్తుతము అందుబాటులో లేని పక్షమున, అధికారి తానే తేదీ వేసి, ఆ తేదీ తనకు వ్యక్తిగతముగా తెలియునని సంతకము చేయవచ్చును.'

వ్యక్తిగతంగా తెలియునన్న మాట చూసి నాలుగు రోజులు ఆయనకి అన్నం సహించలేదు. అయిదో రోజున మూసివేత గురించి గుర్తుచేస్తూ మెమో వచ్చింది. ఏమైనా సరే, తలుపులు తెరిచి ఉంటే వస్తువులు నలుగురి కళ్ళెదుట ఉంటాయి కదా అనుకున్నాడు. చాలావాటికి శాసనమో, రాజు పేరో, తవ్వకంలో దొరికిన మట్టిపొరో ఏదో ఒక ఆధారం ఉంది, సంవత్సరం వరకు ఎలాగో గుంజుకు రావచ్చు. మరి తేదీ, నెలా?

అప్పుడు ఆయనకి తన మేష్టారు గుర్తొచ్చాడు. ఒకటో తరగతిలో చేర్చుకున్న ముప్పై మందికీ మేష్టారు జూలై ఒకటి అని వేసేశాడు. అడిగినవాడు లేడు, ఆక్షేపించినవాడు లేడు. ఆ జూలై ఒకటే భావనారాయణ సర్వీసు రిజిస్టరు దాకా వచ్చింది. ఆయన పుట్టినప్పుడు అకాల వానకి కల్లాల్లో మిరపకాయలు తడిసి ఊరంతా ఏడ్చిందని తల్లి చెప్పేది. కల్లాల్లో మిరపకాయలుండేది జూలైలో కాదు. బహుశా మాఘమాసం. అయినా జూలై ఒకటితోనే ఆయన జీవితం గడిచిపోయింది కదా.

రెండువందల పదమూడు వస్తువులకి జూలై ఒకటి వేసి సంతకాలు చేశాడు. చేస్తున్నంతసేపూ ఎవరి జేబులోనో చెయ్యి పెట్టినట్టుగా ఉంది. రెండువందల పద్నాలుగోది చేటమ్మ. ఆవిడకి శాసనం లేదు, రాజు లేడు, పొర కూడా లేదు. ఆయన చెయ్యి ఆడలేదు. ఆ ఒక్క గడీ ఖాళీగా వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

పదిరోజులు అంతా సవ్యంగానే ఉంది. నిశ్చయం తొంభై తొమ్మిదిన్నర శాతం దాటిందని అభినందన పత్రం వచ్చింది. దాని వెనకే, అదే పోర్టల్ నుంచి, రెండువందల పద్నాలుగు పదవీ విరమణ నోటీసులు వచ్చాయి.

పోర్టల్ తప్పు అందులో ఏమీ లేదు. దానికి తెలిసిన రూలు ఒకటే, అరవై రెండు నిండినవాళ్ళు దిగిపోవాలి. వీరుడికి తొమ్మిదివందలు నిండాయి. నందికి ఇంకా ఎక్కువే. నెల మొదటి తేదీన పుట్టినవాళ్ళు అంతకు ముందు నెల ఆఖరున విరమించాలి కాబట్టి అందరికీ జూన్ ముప్పై అని పడింది. ఆ వరసలో చివరి నోటీసు కొమ్మూరి భావనారాయణది. ఆయనా ఆ రోజే దిగిపోతున్నాడు. మేష్టారి చలవ.

భావనారాయణ రాజధానికి పరిగెత్తాడు. సంచాలకులు ఆదరంగా కూచోబెట్టి మజ్జిగ ఇప్పించారు. తర్వాత వివరించారు. పోర్టల్ ఇచ్చిన ఉత్తర్వును మనిషి రద్దుచేస్తే మళ్ళీ అనిశ్చితి నెలకొంటుంది. ఆ వస్తువులు శతాబ్దాల పాటు సేవలందించాయి, ఇంకా వాటిని నిలబెట్టి ఉంచడం మానవత్వం కాదు. విశ్రాంత వస్తు నిలయానికి తరలిస్తారు. నిలయమంటే జిల్లా కేంద్రంలో మురుగుకాలవ పక్కన ఉన్న రేకుల గోడౌను. వానొస్తే లోపల మోకాలి లోతు నీళ్ళు. అక్కడికి వెళ్ళిన వస్తువు మళ్ళీ ఎవరి కంటా పడ్డ దాఖలా లేదు.

ఆయన లేచేటప్పుడు సంచాలకులు ఒక మాట గుర్తుచేశారు. "ఒక్క స్త్రీమూర్తి మాత్రం పెండింగులో ఉన్నది. వీడ్కోలు సభ నాటికి పూర్తిచేయండి. మీ చార్జి అప్పగింత కూడా దానితో ముడిపడి ఉన్నది."

క్యూరేటరు ఒక్క వస్తువు లెక్క తేల్చకపోయినా విధుల నుంచి విడుదల కాలేడు. అది పాత రూలు, మంచి రూలే. ఇప్పుడు ఆయన మెడకి చుట్టుకుంది. తేదీ వేస్తే చేటమ్మ మిగతావాళ్ళతో పాటు గోడౌనుకి. వెయ్యకపోతే ఈయన కొలువు నుంచి ఇంటికి పోయే దారి లేదు.

జూన్ ఇరవై తొమ్మిదిన, లారీకి కొలతలు తీస్తుంటే పెద్ద మట్టికుండ జారిపడి ముక్కలైంది. భావనారాయణ ఆ ముక్కల దగ్గర కూలబడిపోయాడు. వెయ్యేళ్ళు భూమిలో భద్రంగా ఉన్న కుండ, రక్షణలోకి తీసుకున్నాక పగిలింది. ఈ సంగతి పైకి నివేదిస్తే పోర్టల్ నుంచి సంతాప సందేశం వచ్చింది. విరమణకి ఒక్క రోజు ముందు సర్వీసులో ఉండగా పోయినందున, కారుణ్య నియామకం కింద వారసుల్లో ఒకరికి ఉద్యోగం ఇవ్వవలెనని కూడా ఉంది. మస్తాన్‌బీ కుమ్మరి వీధికి వెళ్ళి అదే వంశపు కుండ ఒకటి పట్టుకొచ్చింది. దాని పుట్టిన తేదీ కుమ్మరి నోటి లెక్కతో సహా చెప్పాడు. నిశ్చయ పథకంలో నిజంగా నిశ్చయమైన తేదీ అదొక్కటే.

వీడ్కోలు సభ ఘనంగా జరిగింది. వస్తువులన్నిటినీ షామియానా కింద నిలబెట్టి దండలు వేశారు. తల లేని బుద్ధుడికి దండ నిలవక మూడుసార్లు జారిపోతే దబ్బనంతో శాలువాకి కుట్టారు. గ్రూప్ ఫోటోలో అధికారులు ముందు కుర్చీల్లో, విరమించేవారు వెనక వరసలో. విశ్వంభర ప్రసాద్ గారు ప్రసంగిస్తూ వీరుడి శిలను ఉద్దేశించి, క్రమశిక్షణకు మారుపేరు, ఏనాడూ స్థానం వదిలి కదలలేదు అన్నారు. శేష జీవితం మనుమలతో ఆనందంగా గడపాలని అందరినీ దీవించారు. భావనారాయణకి కూడా నంది పక్కనే కుర్చీ వేసి శాలువా కప్పారు. గోడ గడియారం ఒకటి చేతిలో పెట్టారు.

సభ అయ్యాక చేటమ్మ కాగితం ముందుకొచ్చింది. గడీ ఒక్కటి ఖాళీ. సంచాలకులే స్వయంగా పెన్ను తీసి ఇచ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఆగి చూస్తున్నారు. భావనారాయణ పెన్ను అందుకున్నాడు, మళ్ళీ తిరిగి ఇచ్చేశాడు.

"ఈవిడ ఎప్పుడు పుట్టిందో నాకు తెలీదు సార్. ఆ మాటకొస్తే నేనెప్పుడు పుట్టానో కూడా నాకు తెలీదు. నా అబద్ధం మా మేష్టారు రాశాడు. ఆ వెనక నిలబడ్డవాళ్ళవి నేను రాశాను. ఏమైందో చూస్తున్నాం కదా. ఇది మాత్రం నా వల్ల కాదు."

సంచాలకులు కోప్పడలేదు. పెన్ను జేబులో పెట్టుకుని, అయితే పెండింగు తేలేవరకు విధుల్లో కొనసాగండి, విరమణ తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయబడినది అన్నారు. లారీలు కదిలాయి. నంది మెడలో దండ గాలికి ఊగుతూ మలుపు దాకా కనపడింది. భావనారాయణ అప్పుడు ఏడ్చాడు. దాచుకోవాలని కూడా అనిపించలేదు ఆయనకి.

మర్నాటి నుంచి ఖాళీ హాల్లో చేటమ్మ ఒక్కతే. గుమ్మం దగ్గర కారుణ్య నియామకపు కుండలో మంచినీళ్ళు. ఖాళీ అయిన రెండువందల పన్నెండు పోస్టులకి పద్దెనిమిది నుంచి నలభై రెండేళ్ళ లోపు వస్తువులు దరఖాస్తు చేసుకోవచ్చని ప్రకటన వచ్చింది. రెండు మిక్సీలు, ఒక స్కూటరు వచ్చాయి కానీ వాటికి అనుభవం చాలలేదు.

వింతేమిటంటే, మనుషులు రావడం ఎక్కువైంది. ఇదివరకు అర్ధగంటలో రెండువందల పద్నాలుగింటినీ చుట్టేసి పోయేవాళ్ళు. ఇప్పుడు చూడ్డానికి ఉన్నది ఒకటే కాబట్టి నిలబడి చూసేవాళ్ళు. ఎవరండీ ఈవిడ అంటే తెలియదండీ అనేవాడు భావనారాయణ. తెలియదని చెప్పినందుకు ఎవరూ విసుక్కోలేదు. మిర్చి యార్డులో తాలు కాయలు ఏరే ఆడవాళ్ళు ఒకరోజు పదిమంది వచ్చి, చేట పట్టిన తీరులో తమ ఊరి వాటమా, ఏటి అవతలి వాటమా అని గంటసేపు వాదించుకున్నారు. తేలలేదు. ముప్పై ఒక్కేళ్ళలో మ్యూజియం ఇంత మ్యూజియంలాగా ఉండటం ఆయన చూడలేదు. ఆ మాట పైకి అనుకోవడానికి మాత్రం గోడల వెంట ఖాళీ దిమ్మలు అడ్డం వచ్చేవి.

సెప్టెంబరులో పోర్టల్ నుంచి తాఖీదు వచ్చింది. 'పుట్టిన తేదీ లేనందున, సదరు స్త్రీ అసలు ఉన్నదా, లేక పేరు మాత్రముండి మనిషి లేని బాపతా అను సందేహము కలుగుచున్నది. ఆమె పై అధికారియగు క్యూరేటరు దిగువ ధ్రువపత్రముపై సంతకము చేయనిచో, పది దినములలో పేరు తొలగించి తుక్కు క్రింద వేలము వేయబడును. సంతకము అందిన యెడల పెండింగు ముగిసినట్లే భావించి, సదరు అధికారిని మరునాడే విధుల నుండి విడుదల చేయుదుము.' కింద అచ్చులో ధ్రువపత్రం. 'ఈమె సజీవముగా నున్నదనియు, ప్రతిదినము విధులకు హాజరగుచున్నదనియు నాకు వ్యక్తిగతముగా తెలియును. ఇందు సందేహము లేదు.'

భావనారాయణ రెండుసార్లు చదివాడు. సజీవంగా ఉన్నట్టు రుజువైతే ఆవిడ కొలువులో ఉన్నట్టు. పుట్టిన తేదీ లేదు గనక విరమణ తేదీ కూడా రాదు. ఆవిణ్ణి ఇక ఏ పోర్టలూ కదిలించలేదు. అయితే ఎల్లుండి నుంచి ఈ కుర్చీలో తను ఉండడు. పక్కనే చేటమ్మ పాదాల దగ్గర తడిగుడ్డ వేస్తున్న మస్తాన్‌బీకి కాగితంలో ఉన్నది చదివి వినిపించాడు. ఆమె గుడ్డ పిండుతూ తలెత్తింది.

"దాంట్లో అబద్ధమేముంది సారూ? రోజూ వస్తానే ఉంది గదా. ఆమె సెలవు పెట్టిందెప్పుడు?"

ఆయన చేటమ్మ వైపు చూశాడు. పొద్దుటి ఎండ కిటికీలోంచి ఆ మడిచిన బొటనవేలి మీద పడుతోంది. ముప్పై ఒక్కేళ్ళలో మొదటిసారి, మనసులో ఒక్క 'బహుశా' కూడా లేకుండా, పూర్తిపేరుతో సంతకం చేశాడు.

కింద ఇంకో గడీ ఉంది, ధ్రువీకరించిన అధికారి పుట్టిన తేదీ. అందులో జూలై ఒకటి అని వేసి, పక్కన 'బహుశా' అని రాశాడు.